మేడ గదిలోని ల్యాప్‌టాప్‌కు వైఫై అందకపోతే ఎక్స్‌టెండరా, అడాప్టరా, లాన్ కేబులా: ఏది మేలు?

నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాలలోని డాబా ఇళ్లలో ఫైబర్ కేబుల్ వీధి స్తంభం నుంచి కింది వాటాలోకి వచ్చి, టీవీ స్టాండు పక్కనున్న రౌటర్ దగ్గర ఆగిపోవడం తరచుగా చూస్తాం. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారు మాత్రం సందడికి దూరంగా మేడ గదిలో కూర్చుంటారు. నడుమ ఇనుప చువ్వలు అల్లిన కాంక్రీటు శ్లాబు ఉంటుంది. వీడియో కాల్ ఆగి ఆగి నడుస్తోందని దుకాణంలో చెబితే మొదట చేతిలో పెట్టేది, వైఫై సంకేతాన్ని అందుకుని మళ్లీ పంపే, గోడ సాకెట్‌కు తగిలించే ఎక్స్‌టెండర్‌నే. ధర తక్కువ, అమర్చడమూ తేలిక. అయినా నా అభిప్రాయంలో అది చిట్టచివర కొనవలసిన వస్తువు.

ఏది కొనాలన్నా ముందుగా లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్‌ను రౌటర్ ఉన్న గదిలోకే తెచ్చి వేగం కొలిచి, అదే చోట ఫోనులోనూ కొలవండి. రెండింటిలోనూ మీ ప్లానులో చెప్పిన వేగం కన్నా బాగా తక్కువ వస్తుంటే లోపం బయటి లైనుదో, రౌటర్‌దో అయి ఉంటుంది గనుక, కనెక్షన్ ఇచ్చినవారికి ఫిర్యాదు చేయడమే తప్ప కొత్త పరికరం కొన్నందువల్ల ఒరిగేదేమీ లేదు. ఫోనులో బాగుండి ల్యాప్‌టాప్‌లో మాత్రమే మందగిస్తే యూఎస్‌బీ పోర్టుకు తగిలించే వైఫై అడాప్టర్ గురించి ఆలోచించాలి. కింద రెండూ బాగుండి, మేడ మీద మాత్రమే వేగం పడిపోతుంటే అప్పుడు లాన్ కేబులా (రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు నేరుగా వేసే తీగ), ఎక్స్‌టెండరా అన్న ప్రశ్న వస్తుంది.

పాత ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా తక్కువ ధర వాటిలో, వైఫై ఎక్కువగా వాడే రెండు రేడియో బ్యాండ్లలో (2.4, 5 గిగాహెర్ట్జ్) 2.4 గిగాహెర్ట్జ్‌ను మాత్రమే అందుకునే ఒంటి యాంటెన్నా వైఫై కార్డులు ఉంటాయి. అటువంటి కార్డుకు సాధారణంగా కుదిరే లింక్ స్పీడ్ (రౌటర్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య కుదిరే గరిష్ఠ వేగం) సెకనుకు 72 మెగాబిట్లు. వాడకంలో చేతికి వచ్చేది దానిలో సగం నుంచి మూడింట రెండు వంతులు. 100 మెగాబిట్ల ప్లానుకు డబ్బు కట్టి, వేగం రాలేదని లైన్‌మన్‌ను నిందించడం ఇక్కడ న్యాయం కాదు. విండోస్ సెట్టింగ్స్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరిస్తే లింక్ స్పీడ్, బ్యాండ్ రెండూ కనిపిస్తాయి. 5 గిగాహెర్ట్జ్ కూడా అందుకునే యూఎస్‌బీ అడాప్టర్‌ను తగిలిస్తే, అది ఒంటి యాంటెన్నాతో ఉన్న వైఫై 5 తరం రకమే అయినా లింక్ స్పీడ్ 433 మెగాబిట్ల వరకు చేరగలదు. కనెక్షన్ మాటిమాటికీ తెగిపోవడమే బాధ అయితే, అడాప్టర్ కొనేలోగా డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు పవర్ మేనేజ్‌మెంట్ పేజీ ఉందేమో చూసి, విద్యుత్ పొదుపు కోసం కార్డును ఆపివేయడానికి అనుమతించే టిక్కును తీసివేసి చూడండి. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ తగిలించి ఉంటే దానినీ కాస్త దూరం జరపండి. ఆ పోర్టుల నుంచి, కేబుళ్ల నుంచి వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెడగొడుతుంది.

మేడ గది అసలు చిక్కు ఈ రెండు బ్యాండ్ల మధ్యనే ఉంది. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు విశాలమే గానీ శ్లాబు దాటేసరికి అది నీరసిస్తుంది. శ్లాబును కొంత మెరుగ్గా దాటే 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 13 ఛానళ్లు ఉన్నా, ఒక్కొక్కటి పక్కవాటి మీదికి పరుచుకొని ఉండడం వల్ల ఒకదానికొకటి తగలకుండా ఒకేసారి వాడుకోగలిగినవి సాధారణంగా 1, 6, 11 అనే మూడే. అపార్టుమెంటులో చుట్టుపక్కల వాటాల రౌటర్లన్నీ ఆ మూడింటినే పంచుకోవాలి. వంటింట్లోని మైక్రోవేవ్ పనిచేసేదీ ఆ బ్యాండులోనే.

ఎక్స్‌టెండర్ ఈ చిక్కును విప్పదు. తనకు అందిన సంకేతాన్నే మళ్లీ పంపుతుంది కాబట్టి, మేడ గదిలోనే పెడితే బలహీనంగా అందినదాన్నే తిరిగి పంచుతుంది. మెట్ల మలుపులో పెడితే మేలే గాని, మెట్ల దగ్గర సాకెట్ పెట్టించిన ఇల్లు ఎక్కడుంది? ఒకే రేడియోతో వినడమూ చెప్పడమూ చేసే చవక రకాలలో వేగం దాదాపు సగానికి తగ్గుతుంది. రెండు బ్యాండ్లలోనూ పనిచేసే డ్యూయల్ బ్యాండ్ రకాలు కొంత నయం. ఇంట్లో అక్కడక్కడా పెట్టి ఒకే వైఫైగా నడిపించే మెష్ పరికరాలు ఇంతకన్నా తెలివిగా పనిచేస్తాయి, ఫోనుతో ఇల్లంతా తిరిగేవారికి అవి అనుకూలం. కానీ వాటి నడుమ కేబుల్ లేకపోతే అవీ అదే శ్లాబును గాలిలోనే దాటాలి.

ఒకే బల్ల దగ్గర కూర్చుని పనిచేసేవారికి లాన్ కేబులే మేలని నిస్సంకోచంగా చెబుతాను. క్యాట్ 5ఈ రకం లాన్ కేబుల్ 100 మీటర్ల వరకు సెకనుకు 1000 మెగాబిట్లు మోయగలదు. ఇంటికి కావలసిన పొడవు అందులో చిన్న భాగమే. కొనేటప్పుడు రాగి పూత పూసిన అల్యూమినియం కాకుండా పూర్తి రాగిదే అడగాలి. మెట్ల వెంట లోపలి నుంచే తీసుకువెళ్లడం ఉత్తమం. బయటి గోడ మీదుగా తప్పకపోతే, మన ఎండలకు తెల్లని మామూలు కేబుల్ పెళుసెక్కుతుంది గనుక, నల్లని అవుట్‌డోర్ రకాన్ని పైపులో వేయించి, ఉరుములు మెరుపులు మొదలైనప్పుడు రెండు కొనలూ ఊడదీయాలి. లాన్ పోర్టు లేని పలుచని ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ నుంచి లాన్‌కు మార్చే చిన్న అడాప్టర్ సరిపోతుంది. అమర్చిన తరువాత ఇరుకొనల పోర్టులూ గిగాబిట్‌వే అయినా లింక్ స్పీడ్ 1000కి బదులు 100 చూపిస్తే, కనెక్టర్‌లో ఎనిమిది తీగలలో ఏదో సరిగా అంటుకోలేదేమోనని అనుమానించి మళ్లీ క్రింప్ చేయించండి, అంటే తీగలను కనెక్టర్‌లో తిరిగి బిగింపించండి.

అద్దె ఇంట్లో గోడకు రంధ్రం వేయనివ్వకపోతే కేబుల్ ఆశ వదులుకోవలసిందే. అప్పుడు రౌటర్‌ను టీవీ వెనుక నుంచి, ఇనుప బీరువా పక్క నుంచి తప్పించి మెట్ల వైపు ఎత్తైన చోట పెట్టి చూడండి. దీనికి ఖర్చేమీ లేదు. అప్పటికీ చాలకపోతే ఎక్స్‌టెండర్ జోలికి పోకుండా నేరుగా మెష్ తీసుకోండి.