సిస్టెమ్‌బోలాగెట్: లాభం చూసుకోని స్వీడన్ మందు షాపు ఎంతవరకు పనిచేస్తోంది?

స్వీడన్‌లో 3.5 శాతం దాటిన బీరు గానీ, వైన్ గానీ, విస్కీ గానీ కొని ఇంటికి తీసుకెళ్ళాలంటే షాపు దాదాపు ఒక్కటే: సిస్టెమ్‌బోలాగెట్. అది ప్రభుత్వానిది. దేశం మొత్తానికి 450 దాకా షాపులున్నాయి. షాపు లేని పల్లెల్లో కిరాణా కొట్టువాళ్ళే ఏజెంట్లు. ముందుగా ఆర్డర్ పెడితే సరుకు అక్కడికి వస్తుంది. ప్రభుత్వమే మందు అమ్ముతోందంటే ఖజానా నింపుకోవడానికే అని మనకు వెంటనే తోస్తుంది. కానీ ఇక్కడ లాభం పెంచుకోవడం షాపు లక్ష్యం కాదు. జనం తాగి ఒళ్ళు పాడుచేసుకోకుండా చూడటమే దాని పని. అందుకే దీన్ని సరుకు, ధర, సిబ్బంది చూసి మాత్రమే బేరీజు వేస్తే సరిపోదు. చెప్పిన పని చేస్తోందా లేదా అన్నదీ చూడాలి.

ముందు కొనే సంగతి. కొత్తగా వచ్చినవాళ్ళు మొదట ఇబ్బంది పడేది వేళల దగ్గర. మామూలు రోజుల్లో చాలా షాపులు సాయంత్రం ఆరు, ఏడింటికే మూసేస్తారు. పెద్ద ఊళ్ళలో కొన్ని ఎనిమిది దాకా ఉంటాయి. శనివారం మధ్యాహ్నం మూడింటికల్లా ఎక్కడైనా మూతే. ఆదివారం అసలు తెరవరు. జూన్‌లో మిడ్‌సమ్మర్ పండక్కి శుక్రవారం నుంచే బంద్, అంటే వరసగా మూడు రోజులు. గురువారం మధ్యాహ్నం తర్వాత వెళ్తే క్యూ చాంతాడంత ఉంటుంది, గిరాకీ ఉన్న బీర్లు అయిపోయి ఉంటాయి. బుధవారమే తెచ్చుకోవడం మంచిది. ఈస్టర్ ముందు గురువారమూ ఇంతే.

కొనేవాళ్ళకు 20 ఏళ్ళు నిండి ఉండాలి. 25 లోపు అనిపిస్తే చాలు, కార్డు అడుగుతారు. పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి; ఫోనులో దాని ఫోటో చూపిస్తే కుదరదు. చాలామందికి తెలియని చిక్కు ఇంకోటుంది. మీకు 35 ఏళ్ళున్నా, వెంట వచ్చిన 19 ఏళ్ళ కుర్రాడు మీతో కలిసి సీసాలు ఎంచుతుంటే బిల్లు వేయకుండా ఆపేసే అధికారం క్యాషియర్‌కి ఉంది. వయసు చాలనివాళ్ళకు కొనిపెట్టడం అక్కడ నేరం. తూలుతూ వచ్చినవాళ్ళకూ అమ్మరు. సిబ్బంది కార్డు అడుగుతున్నారో లేదో చూడటానికి కుర్రవాళ్ళను మామూలు కొనుగోలుదార్లలా పంపి పరీక్షిస్తుంటారు. కాబట్టి పట్టుబట్టి వాదించి లాభం లేదు.

లోపలికి వెళ్ళాక వేరే మందు షాపులకీ దీనికీ తేడా అరల దగ్గరే కనిపిస్తుంది. ఆరు బీర్ల ప్యాక్ చింపి ఒక్క క్యాన్ తీసుకోవచ్చు, దాని ధర ప్యాక్ ధరలో సరిగ్గా ఆరో వంతు. రెండు కొంటే ఒకటి ఉచితం, పండగ డిస్కౌంట్, క్యాషియర్ పక్కన చిన్న సీసాల బుట్ట లాంటివేవీ ఉండవు. ఫ్రిజ్ కూడా ఉండదు. బీరు గది వేడిమిలోనే ఇస్తారు, చల్లబరుచుకోవడం ఇంటికెళ్ళాకే. షాపు గుమ్మం దగ్గరే తెరిచి తాగేయడానికి ఇది చిన్న అడ్డంకి. ఇలాంటి చిన్న అడ్డంకులన్నీ కలిస్తే ఎంత బలమో కింద చెబుతాను.

సేవ విషయంలో మాత్రం వంక పెట్టడానికి పెద్దగా లేదు. రెడ్ వైన్ ధర చీటీ మీద మూడు గుండ్రటి గుర్తులుంటాయి: చిక్కదనం, వగరు, పులుపు. వైట్ అయితే వగరు స్థానంలో తీపి. ఎంత నిండి ఉంటే అంత ఎక్కువ అని అర్థం. వైన్ గురించి ఏమీ తెలియనివాళ్ళకు సీసా మీది వర్ణన కన్నా ఇదే అక్కరకొస్తుంది. ఏది కొనాలని అడిగితే సిబ్బంది మీరు చెప్పిన ధరలోనే చూపిస్తారు, ఖరీదైనదాని వైపు నెట్టరు. షాపులోకి కొత్త సరుకు టెండర్ ద్వారా వస్తుంది. ఫలానా ప్రాంతం, ఫలానా ద్రాక్ష, ఇంత ధరలో అని ముందు అడుగుతారు, వచ్చిన నమూనాలను పేరు దాచి రుచి చూసి ఎంచుతారు. అరలో లేనిది ఆర్డర్ జాబితాలో ఉంటే ఒక్క సీసా అయినా తెప్పిస్తారు. ఆల్కహాల్ లేని బీరు, వైన్‌లను మూలన పడేయకుండా మంచిచోటే పెడతారు.

ఇక ధర. స్పిరిట్‌కి స్వచ్ఛమైన ఆల్కహాల్ లీటరుకు 500 క్రోనర్లు దాటి పన్ను ఉంది. 40 శాతం, 70 సెంటీలీటర్ల సీసాలో స్వచ్ఛమైన ఆల్కహాల్ 280 మిల్లీలీటర్లు. అంటే పన్ను 140కి పైనే, దాని మీద 25 శాతం వ్యాట్. లోపలి సరుకు, సీసా, షాపు ఖర్చు కలపకముందే 175 క్రోనర్లు అయిపోయాయి. బీరుకు ఒక్కో శాతానికి లీటరుకు రెండు క్రోనర్ల పైచిలుకు. 5 శాతం, 33 సెంటీలీటర్ల క్యాన్‌కు మూడున్నర క్రోనర్లు పడుతుంది. 2.8 శాతం లోపు బీరుకు ఈ పన్నే లేదు. లెక్క వేస్తే అదే ఆల్కహాల్‌ను విస్కీ రూపంలో తాగేవాడు బీరు రూపంలో తాగేవాడి కన్నా రెండింతలకు పైగా పన్ను కడుతున్నాడు. ఒకప్పుడు బ్రెన్‌విన్ అనే ఘాటు సారా తాగడంలో పేరుమోసిన దేశం ఇవాళ ఎక్కువగా వైన్, బీరు తాగుతోందంటే ఈ తేడా ఒక ముఖ్య కారణం. ఒక లోపం మాత్రం ఉంది. వైన్‌కు 8.5 నుంచి 15 శాతం దాకా లీటరుకు ఒకే పన్ను. 11 శాతం తాగినా, 14.5 శాతం తాగినా ఖజానాకు ఒకటే. తేలిక వైన్ ఎంచుకునేవాడికి దక్కే లాభమేమీ లేదు. దీన్ని సరిదిద్దాలి.

చట్టంతో తాగుడు అలవాటు మారుతుందా అని అడిగేవాళ్ళు స్వీడన్‌ను చూడాలి. అక్కడ ఒక్కో నియమాన్ని బిగించారు, వదిలారు, మళ్ళీ బిగించారు. ప్రతిసారీ ఏం జరిగిందో లెక్కలున్నాయి. 1865లో గోథెన్‌బర్గ్‌లో మొదలైన పద్ధతి సారా అమ్మకాన్ని ఒక కంపెనీ చేతికిచ్చి, వాటాదార్ల లాభానికి హద్దు పెట్టి, మిగిలినది ఊరికి ఖర్చుపెట్టించింది. 1914లో డాక్టర్ ఇవాన్ బ్రాట్ స్టాక్‌హోమ్‌లో రేషన్ పుస్తకం తెచ్చారు. ఎవరు ఎంత కొన్నారో అందులో ముద్ర పడేది. మగవాళ్ళకు నెలకు గరిష్ఠంగా నాలుగు లీటర్ల దాకా స్పిరిట్ దొరికేది, పెళ్ళయిన ఆడవాళ్ళకు సాధారణంగా పుస్తకమే ఇచ్చేవారు కాదు. తాగుడు తగ్గిన మాట నిజమే గానీ మనిషి హోదా, ఆడా మగా చూసి కొలత వేసిన పద్ధతి అది. దాన్ని సమర్థించడం నావల్ల కాదు. 1922 ఆగస్టు 27న పూర్తి నిషేధం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే 51 శాతం వద్దన్నారు, 49 శాతం కావాలన్నారు.

1955 అక్టోబర్ 1న రేషన్ పుస్తకం పోయింది, ప్రాంతాలవారీ కంపెనీలన్నీ కలిసి నేటి సిస్టెమ్‌బోలాగెట్ అయింది. ఆ వెంటనే తాగుడు, తాగి పోలీసులకు చిక్కినవాళ్ళ సంఖ్య, ఆస్పత్రుల్లో తాగుడు సంబంధ కేసులు ఎగబాకాయి. నలభై ఏళ్ళు గట్టిగా బిగించి ఉంచినా, చెయ్యి వదలగానే అలవాటు మళ్ళీ పైకి తేలింది. ప్రభుత్వం పన్నులు బాగా పెంచాకే అది నెమ్మదించింది.

తర్వాతి పాఠం బీరుది. 1967 నవంబర్‌లో గోథెన్‌బర్గ్ ప్రాంతంలో ఘాటు బీరును కిరాణా షాపుల్లో అమ్మనిచ్చి చూశారు. 1968 చివరి దాకా నడవాల్సిన ప్రయోగం అది. కుర్రకారు తాగుడు చూసి జూలైలోనే ఆపేశారు. 4.5 శాతం దాకా ఉండే 'మెల్లన్‌ఓల్' బీరు మాత్రం 1965 నుంచి కిరాణాల్లోనే ఉంది. పాలు, రొట్టె అరల పక్కనే దొరికే బీరు టీనేజర్లకు సులువుగా అందేది. 1977లో దాన్ని కిరాణాల నుంచి తీసేశారు. అప్పుడు చట్టం ఎవరికీ బీరు తాగొద్దని చెప్పలేదు, అది దొరికే చోటును మాత్రమే మార్చింది.

అన్ని నియమాలకూ ఇంత బలం లేదు. 1981లో శనివారం మూసి చూసి, మరుసటి ఏడాది నుంచి పక్కా చేశారు. ఇళ్ళల్లో గొడవలు, తాగి వీధిన పడటం తగ్గాయి గానీ మొత్తం అమ్మకం పెద్దగా మారలేదు. 2000లో కొన్ని జిల్లాల్లో, 2001లో దేశమంతా శనివారం మళ్ళీ తెరిస్తే అమ్మకం నాలుగు శాతం అటూ ఇటుగా పెరిగింది, దాడుల కేసుల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల కనబడలేదు. కౌంటర్ వెనక నుంచి సీసా అందించే పద్ధతి తీసేసి జనమే అరల్లోంచి తీసుకునేలా 1990లలో మార్చడం వల్ల అమ్మకాలు ఇంతకన్నా స్పష్టంగా పెరిగాయి. సీసాకూ చేతికీ మధ్య దూరం తగ్గడం అదనపు రోజు కన్నా ఎక్కువ ప్రభావం చూపింది. చల్లని బీరు లేకపోవడం, డిస్కౌంట్ లేకపోవడం ఎందుకు పనికొస్తాయో ఇక్కడ తెలుస్తుంది. కొనాలని గట్టిగా నిర్ణయించుకున్నవాణ్ణి అవి ఆపలేవు. ఇంకోటి కూడా తీసుకుందామా అని ఊగిసలాడేవాణ్ణి ఆపుతాయి.

ఈ పద్ధతికి ఉన్న కంతలు కూడా చూడాలి. 1995లో యూరోపియన్ యూనియన్‌లో చేరాక ప్రయాణికులు తెచ్చుకునే మందు మీద పరిమితులు కొన్నేళ్ళు మిగిలాయి, 2004లో అవీ పోయాయి. అప్పటి నుంచి సొంత వాడకానికైతే 10 లీటర్ల స్పిరిట్, 90 లీటర్ల వైన్, 110 లీటర్ల బీరు దాకా వేరే సభ్యదేశాల నుంచి తెచ్చుకోవచ్చు. డెన్మార్క్ 2003లోనే స్పిరిట్ పన్నును దాదాపు సగం కోసింది. జర్మనీ తీరాన సరిహద్దు షాపుల ముందు స్వీడన్ కార్లు బారులు తీరాయి, దేశంలో మొత్తం తాగుడు ఆ రోజుల్లోనే శిఖరానికి చేరింది. ఫిన్లండ్ వెళ్ళే ఓడలు ఇప్పటికీ ఆలండ్ దీవుల్లోని మారియెహామ్న్ రేవులో ఆగి వెళ్తాయి. ఆ దీవులు యూనియన్ పన్ను పరిధి బయట ఉన్నాయి, అక్కడ ఆగితేనే ఓడలో పన్ను లేని మందు అమ్మవచ్చు. షాపులో ఎంత నియమం పెట్టినా పక్క దేశం ధర దాన్ని తినేస్తుంది. బార్లలో మరో కంత ఉంది: అక్కడ వయసు 18.

సిస్టెమ్‌బోలాగెట్ మీద నా అసలు ఫిర్యాదు మాత్రం దాని సొంత అరల మీదే ఉంది. అదేమిటంటే మూడు లీటర్ల వైన్ పెట్టె. 12.5 శాతం వైన్ మూడు లీటర్లంటే స్వచ్ఛమైన ఆల్కహాల్ 300 గ్రాములకు దగ్గర. గ్లాసుకు 12 గ్రాముల స్వీడన్ కొలతలో దాదాపు 25 గ్లాసులు. సీసా అయితే ఖాళీ అయినట్టు కంటికి కనిపిస్తుంది. పెట్టెకున్న కుళాయి తిప్పితే ఎంత పోయిందో తెలియదు, లీటరు ధర కూడా సీసా కన్నా తక్కువే పడుతుంది. ఆరు క్యాన్ల ప్యాక్‌లో ఒక్క పైసా తగ్గించని షాపు, పెట్టె రూపంలో తనకు తెలియకుండానే ఎక్కువ కొన్నవాడికి తక్కువ ధర ఇస్తోంది. వారాంతంలో ఒక్కసారిగా తాగే అలవాటుకు ఇప్పుడు వారం మధ్యలో వంటగదిలో తాగే అలవాటు తోడైందంటే ఆ పెట్టె పాత్ర చిన్నది కాదు.

చట్టానికే మొత్తం ఘనత ఇవ్వకూడదనడానికి పెద్ద రుజువు పిల్లలు. 2000 ప్రాంతంలో తొమ్మిదో తరగతి పిల్లల్లో పదికి ఎనిమిది మంది తాగేవాళ్ళు. ఇప్పుడు సగం మంది కూడా లేరు. ఈ మధ్యలో షాపు వయసు పరిమితి మారలేదు, 1969 నుంచీ 20 ఏళ్ళే. తల్లిదండ్రుల తీరు, పిల్లలు సాయంత్రాలు గడిపే పద్ధతి మారాయి. చట్టం ఆ మార్పు తేలేదు గానీ అందుకు అడ్డంగా నిలబడి అమ్ముకునే వ్యాపారిని లేకుండా చేసింది. చట్టం నుంచి నేను ఆశించేది కూడా అంతవరకే.

వాడకందారుగా చూస్తే సేవకు ఐదుకు నాలుగున్నర, చెప్పిన పని చేయడంలో నాలుగు. రెండోదాంట్లో తగ్గిన మార్కు పెట్టెలకు పోయింది.

ఇప్పుడు గమనించాల్సింది 2025 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సడలింపు. చిన్న తయారీదార్లు తమ తోట దగ్గరే అమ్ముకోవచ్చు. కొనేవాళ్ళు ముందు డబ్బు కట్టి తయారీ చూడాలి లేదా దాని గురించి వినాలి. ఒక్కొక్కరికి స్పిరిట్ 0.7 లీటర్లు, వైన్ 3 లీటర్లు, బీరు 3 లీటర్లు మాత్రమే. ఆరేళ్ళ ప్రయోగం. కొలత చిన్నదే, అమ్మకం మీద ప్రభావం కొద్దిగానే ఉంటుందనుకుంటాను. భయం వేరేచోట ఉంది. 1997లో ఫ్రాన్జెన్ కేసులో యూరోపియన్ కోర్టు ఈ ఏకైక షాపు పద్ధతిని ఒప్పుకుంది స్వదేశీ, విదేశీ సరుకును సమానంగా చూస్తుందనే. స్వీడన్ తోటలకు మాత్రమే తలుపు తెరిచారని రేపు ఎవరైనా విదేశీ వైన్ కంపెనీ కోర్టుకెక్కి గెలిస్తే, ప్రభుత్వం ముందు రెండే దారులుంటాయి: తోట అమ్మకం ఆపడం, లేదా అందరికీ తెరవడం. రెండోది ఎంచుకుంటే పైన చెప్పిన వేళలు, వయసు తనిఖీ, డిస్కౌంట్ లేని ధరలు అన్నీ ఒక్కో ప్రైవేటు కౌంటర్ దగ్గర మళ్ళీ మొదటి నుంచి కాపాడుకోవాల్సి వస్తుంది.