‘రూయిన్’ అనే ఒక్క మాటతో ఒక నిఘంటువు యాప్ పరీక్ష

అనువాదం చేసేటప్పుడు పక్కన తెరిచి ఉంచుకోవడానికి ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు యాప్‌ను కొన్ని నెలలుగా వాడుతున్నాను. అందరికీ తెలుసనుకునే పదం దగ్గరే నిఘంటువు సత్తా బయటపడుతుందని నా నమ్మకం కనుక, ఈ సమీక్షకు ‘రూయిన్’ (ruin) అనే ఇంగ్లీషు మాటను ఎంచుకున్నాను.

యాప్‌లో మెచ్చుకోదగ్గది వ్యుత్పత్తి భాగం. లాటిన్‌లో ‘రుయెరె’ అంటే ఉరవడిగా పడిపోవడం, కూలడం. దాని నుంచి ‘రుయీనా’ పుట్టి, పాత ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లీషులో చేరిందని చక్కగా వివరించారు. ఇది చదివాక, వ్యాపారం కుప్పకూలిందని మనం అనడంలోనూ ఇదే ఊహ ఉందని తట్టింది. సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘శిథిలం’ మాత్రం పట్టు సడలడం, వదులు కావడం అన్న భావంతో మొదలైన మాట.

అర్థాల దగ్గరకు వచ్చేసరికి యాప్ తడబడింది. నాశనం, వినాశనం, ధ్వంసం, పతనం, శిథిలం అంటూ ఒకే వరుసలో పేర్చి, ఏది ఎక్కడ వాడాలో చెప్పకుండా వదిలేసింది. ఏకవచనంలో ఈ పదం ఎక్కువగా నాశనమైన స్థితిని చెబుతుంది. బహువచనంలో ‘రూయిన్స్’ అంటే సాధారణంగా కూలగా మిగిలిన గోడలు, స్తంభాలు. ‘ఇన్ రూయిన్స్’ అన్నది భవనానికే కాక ఒకరి జీవితానికీ, పరువుకూ చెల్లుతుంది. ఈ తేడా తెలియని విద్యార్థి తప్పు రాస్తే ఆ తప్పు అతనిది కాదు.

క్రియగా వాడినచోట ఉదాహరణ మరీ విడ్డూరం: ‘వర్షం నా బూట్లను నాశనం చేసింది.’ తడిసి పాడైన బూట్లకు అంత పెద్ద మాట ఎందుకు? అసలు ‘పాడు’ అన్న పదమే జాబితాలో లేదు. పాడుబడిన ఇల్లు, పాడైన బూట్లు, పాడుచేసుకున్న ఆరోగ్యం, ఇలా ‘రూయిన్’ తిరిగే చోట్ల చాలావాటికి ఈ రెండక్షరాల మాటే సరిపోతుంది.

డబ్బుకు సంబంధించిన అర్థం కూడా లేదు. ఉన్నదంతా పోగొట్టుకుని చితికిపోయినవాణ్ని ‘రూయిన్డ్’ అంటారు, దివాలా తీయించే ఖర్చును ‘రూయినస్’ అంటారు. సంభావ్యతా గణితంలో ‘గ్యాంబ్లర్స్ రూయిన్’ అనే జూదరి దివాలా సమస్య ప్రసిద్ధమైనదే. 1657లో డచ్ గణితవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ ప్రచురించిన సమస్యల్లో అదీ ఒకటి.

జాతీయాలలో మాత్రం నవ్వు ఆగలేదు. జిన్ అనే మద్యానికి ఇంగ్లీషువాళ్లు పెట్టిన ముద్దుపేరు ‘మదర్స్ రూయిన్’ను ‘తల్లి నాశనం’గా మార్చారు. ఆలనాపాలనా లేక పాడుబడడాన్ని చెప్పే ‘ర్యాక్ అండ్ రూయిన్’లో ‘ర్యాక్’ను నొక్కితే పుస్తకాల అలమర తెరుచుకుంటుంది. నిజానికి అది విధ్వంసాన్ని సూచించే ‘వ్ర్యాక్’ అనే పాత మాటకు మరో రూపం.

వ్యుత్పత్తి కోసం ఈ యాప్‌ను ఉంచుకుంటాను. అర్థానికి మాత్రం అచ్చు నిఘంటువునే తెరుస్తున్నాను. నేను పంపిన సూచనల తర్వాత వచ్చిన అప్‌డేట్‌లో బూట్లు ‘పాడయ్యాయి’ కానీ, అలమర ఇంకా అక్కడే ఉంది.