సింగిల్ లైన్ వెంట మూడు రోజులు: కెనెసా నుంచి చటానూగా దాకా

మా నాన్న కాజీపేట సెక్షన్‌లో 31 ఏళ్లు రైల్వే కీమ్యాన్‌గా, అంటే రోజూ పట్టాల వెంట నడుస్తూ వదులైనవి బిగించే మనిషిగా చేసి రిటైరయ్యారు. అమ్మానాన్నలు అట్లాంటాలో మా ఇంటికి వచ్చాక గుడి, అక్వేరియం, స్టోన్ మౌంటెన్ అన్నీ తిప్పాం. నాన్న ఎక్కడా పెద్దగా మాట్లాడలేదు. ఒకరోజు అట్లాంటా దగ్గరి కెనెసాలో రైలు గేటు పడి ఆగినప్పుడు మాత్రం కారు దిగి పట్టాల వైపే చూస్తూ నిలబడ్డారు. "పట్టాల కింద చెక్క స్లీపర్లే ఇంకా! మేకులతోనే పట్టా బిగించారు చూడమ్మా" అన్నారు. ఈ ట్రిప్ ఆలోచన అక్కడే పుట్టింది.

అది అట్లాంటా నుంచి టెన్నెసీ రాష్ట్రంలోని చటానూగాకి వెళ్లే పాత వెస్టర్న్ అండ్ అట్లాంటిక్ లైను. జార్జియా రాష్ట్రమే స్వయంగా వేయించింది. ఇప్పటికీ ఆస్తి రాష్ట్రానిదే, నడుపుకునే కంపెనీకి లీజుకిచ్చారు. లైను వెళ్లిన ఉత్తర జార్జియా నేలంతా చెరోకీలది. 1838లో వాళ్లను బలవంతంగా పడమటికి తోలేశారు. ఆ సంగతి తెలుసుకోకుండా ఈ లైను వెంట తిరగకూడదని నా అభిప్రాయం.

మొదటి మజిలీ కెనెసాలోని సదరన్ మ్యూజియం. ఒక్కచోటే చూసే టైముంటే ఇదే చూడండి. 1855లో తయారైన 'జనరల్' ఇంజను ఇక్కడుంది. అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో, 1862 ఏప్రిల్ 12 పొద్దున, ఈ ఇంజను లాగే బండి ఇక్కడ టిఫిన్‌కి ఆగింది. అప్పుడు ఊరి పేరు బిగ్ షాంటీ. సిబ్బంది, ప్రయాణికులు హోటల్లోకి వెళ్లగానే జేమ్స్ ఆండ్రూస్ అనే ఉత్తరాది గూఢచారి, మామూలు బట్టల్లో ఉన్న అతని మనుషులు పెట్టెలు విడదీసి ఇంజను ఎత్తుకుపోయారు. దారిలో వంతెనలు కాల్చేస్తే చటానూగాకి దక్షిణాది బలగాలు అందవని వాళ్ల ప్లాన్. గార్డు విలియం ఫుల్లర్ మొదట కాలినడకన, తర్వాత తోపుడు ట్రాలీ మీద, ఆ తర్వాత దొరికిన ఇంజనల్లా ఎక్కి వెంటపడ్డాడు.

నాన్న ఆ కథను నాలా వినలేదు. దొంగలు దారిలో పనివాళ్ల దగ్గర ఒక గడ్డపార అడిగి తీసుకున్నారని చెప్పగానే ఆగిపోయారు. "ఒక్క గడ్డపారతో పట్టా ఎట్లా లేస్తదమ్మా? మేకులు పీకే సామాను ఉండాలె. మా గ్యాంగుకే చెమటలు పట్టేవి." నిజంగానే వాళ్లు ఎక్కువ చోట్ల పట్టా తీయలేకపోయారు. వాన పడి వంతెనలూ అంటుకోలేదు. కింగ్‌స్టన్ స్టేషన్లో ఎదురుగా వచ్చే బండ్ల కోసం గంటకు పైగా కట్టేసినట్టు నిలబడిపోయారు. "సింగిల్ లైన్ కదా. ఎదురు బండి పక్కనుండే లూప్ లైన్లోకి వచ్చేదాకా దేవుడైనా కదలలేడు" అన్నారు నాన్న. ఆ యుద్ధం గురించి నేను చదివిన దేనికన్నా ఆ మాటతోనే నాకు ఎక్కువ అర్థమైంది.

రెండేళ్ల తర్వాత ఇదే ఒంటి లైను ఆసరాతో ఉత్తరాది సేనాని షెర్మన్ అట్లాంటాని పట్టుకున్నాడు. కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నుంచి 473 మైళ్ల లైను మీద లక్ష మంది సైనికులకు, 35 వేల పశువులకు 196 రోజులు సరుకు అందింది. రైలు లేకపోతే ఆ సరుకు చేరవేయడానికి ఆరేసి కంచర గాడిదలు లాగే బండ్లు 36,800 కావాల్సి వచ్చేవని తన జ్ఞాపకాల్లో రాశాడు. పట్టణం చేతికొచ్చాక అదే మనిషి దక్షిణాది పట్టాలు పీకించి, స్లీపర్ల మంటలో కాల్చి, చెట్లకు చుట్టించాడు. ఆ వంకర పట్టాలను షెర్మన్ నెక్‌టైలు అన్నారు. అది విని నాన్న మొహం చిన్నబోయింది. పట్టాను పాడు చేయడమనే మాటే ఆయనకు మింగుడుపడదు.

దారిలో టన్నెల్ హిల్ తప్పక ఆగండి. 1850లో పూర్తయిన 1,477 అడుగుల సొరంగం. 'జనరల్' వెంటాట దీంట్లోంచే సాగింది. ఇప్పుడు లోపల నడవొచ్చు. ఎండాకాలంలో కూడా చలేస్తుంది, చెయ్యి ఆనిస్తే గోడ తడిగా తగులుతుంది. అమ్మ మోకాళ్ల వల్ల సగంలోనే వెనక్కి తిరిగింది. పెద్దవాళ్లకు జాకెట్, గట్టి చెప్పులు పెట్టుకోండి.

చటానూగాలో మొదటి రాత్రి హైవే పక్క మోటెల్లో దిగాం, డబ్బులు మిగుల్తాయని. దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, ఏసీ మోతకు ఎవరికీ నిద్ర లేదు, గది మార్చడానికి గంట పట్టింది. రెండో రాత్రికి డౌన్‌టౌన్‌లో కాస్త ఎక్కువ పెట్టి చిన్న హోటల్‌కి మారాం. పెద్దవాళ్లతో వెళ్తే మొదటే ఆ పని చేయండి. అమ్మ తెచ్చిన పులిహోర, పెరుగన్నమే రెండు రోజులూ ఆదుకున్నాయి.

టెన్నెసీ వ్యాలీ రైల్‌రోడ్ మ్యూజియం వాళ్ల చిన్న రైలు మిషనరీ రిడ్జ్ అనే కొండ కింది సొరంగంలోంచి వెళ్తుంది. మేము వెళ్లిన రోజు ఆవిరి ఇంజను కాదు, డీజిలే. అయినా చివర్లో ఇంజన్ని టర్న్‌టేబుల్ అనే తిరిగే వేదిక మీద తిప్పుతుంటే నాన్న చిన్నపిల్లాడిలా ముందుకెళ్లి నిలబడ్డారు. ఆ రిడ్జ్ మీదే 1863 నవంబర్ 25న దక్షిణాది సైన్యం చెల్లాచెదురైంది. అంతకుముందు చటానూగాలో చిక్కుకున్న ఉత్తరాది సైన్యానికి సాయంగా వర్జీనియా నుంచి దాదాపు 20 వేల మందిని, సుమారు 1,200 మైళ్లు, రెండు వారాల లోపే రైళ్లలో దించారు.

నేషనల్ సిమెట్రీకి టికెట్ లేదు. దక్షిణాది వాళ్లకు దొరికిపోయి ఉరికెక్కిన ఆండ్రూస్, అతని మనుషుల్లో మరో ఏడుగురి సమాధులు అర్ధచంద్రాకారంలో ఉన్నాయి, పక్కనే స్తంభం మీద చిన్న 'జనరల్' ఇంజను. అమ్మ ఒక్కో పేరూ చదివించుకుంది.

మూడో రోజు అట్లాంటా హిస్టరీ సెంటర్. టికెట్ కాస్త ఎక్కువే. 'జనరల్'ని వెనక్కి నడుస్తూనే తరిమిన 'టెక్సాస్' ఇంజను ఇక్కడుంది. దాన్ని రంగుల హంగు లేకుండా 1880ల నాటి నలుపులోనే ఉంచారు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది, పని చేసిన ఇంజనులా ఉంది. 1886లో దక్షిణాది 5 అడుగుల గేజీని, అంటే రెండు పట్టాల మధ్య దూరాన్ని, మార్చిన కథ నాన్నకి చెప్పాను: సుమారు 11,500 మైళ్లు, రెండు రోజుల్లోపే, ఒక పట్టాను 3 అంగుళాలు లోపలికి జరిపి. మీటర్‌గేజ్ మార్పిడి పనుల్లో ఉన్న మనిషి కాసేపు లెక్కేసుకున్నారు. "లోపలి మేకులు ముందే కొట్టి పెట్టుకుని ఉంటారు" అన్నారు. సరిగ్గా అదే చేశారు.

ఇంజను పక్కనే జీరో మైలురాయి ఉంది. 1837లో ఈ లైను చివర ఎక్కడో గుర్తుపెట్టినప్పుడు అట్లాంటా ఊరే లేదు. చోటు పేరే టెర్మినస్. నాన్న ఆ రాయి దగ్గర చాలాసేపున్నారు. తన బీటు ఏ కిలోమీటరు రాయి నుంచి ఏ రాయి దాకానో, పొద్దున నాలుగింటికి సుత్తీ, స్పానరూ భుజాన వేసుకుని ఎటు నడిచేవారో మనవడికి చెప్తూ.