పెద్ద బోటా, చిన్న బోటా, లివ్‌అబోర్డా: డైవింగ్‌కి ఏది మేలు?

స్కూబా కోర్సు పూర్తయి, కార్డు చేతికి వచ్చి, మొదటిసారి సొంతంగా ట్రిప్ బుక్ చేసుకునేవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే. పాతిక ముప్పై మంది ఎక్కే పెద్ద బోటులో వెళ్లాలా, ఆరుగురో ఎనిమిది మందో పట్టే చిన్న బోటులోనా? కాస్త అనుభవం వచ్చినవాళ్లు దీనికి మూడోది కలుపుతారు. వారం రోజులు సముద్రం మీదే తిని, పడుకుని, రోజుకు మూడు నాలుగు డైవ్‌లు చేసే లివ్‌అబోర్డ్ సంగతేమిటని.

ఎక్కువమంది పోల్చి చూసేది నీడ, టాయిలెట్, భోజనం, ఫొటోలు, ఖర్చు. అవి చూసుకోవద్దని నేను అనను. కానీ నేను ముందు చూసేది వేరు. నేను నీళ్లలోంచి పైకి రాకపోతే, లేదా ఎక్కడో దూరంగా తేలితే, ఆ సంగతి బోటు మీద ఎవరికి తెలుస్తుంది? ఎంతసేపట్లో తెలుస్తుంది? దీనికి సరైన జవాబు లేని బోటులో మిగతా సౌకర్యాలు ఎన్ని ఉన్నా నాకు అక్కర్లేదు.

1998 జనవరి 25న ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో, సెయింట్ క్రిస్పిన్స్ రీఫ్ దగ్గర ఒక అమెరికన్ జంట డైవింగ్‌కి దిగింది. బోటు వాళ్లను వదిలేసి ఒడ్డుకు వెళ్లిపోయింది. వాళ్ల బ్యాగు మాత్రం బోటులోనే ఉంది. ఇద్దరు మనుషులు తగ్గారన్న సంగతి రెండు రోజుల తర్వాత గానీ బయటపడలేదు. వెతికినా వాళ్లు దొరకలేదు. ఆ తర్వాతే ఆ రీఫ్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో డైవింగ్ బోట్ల మీద మనుషుల లెక్కకు సంబంధించిన నిబంధనలు గట్టిపడ్డాయి.

2004 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా తీరంలో జరిగింది ఇంకా ఆలోచింపజేస్తుంది. ఒక డైవర్ బోటుకు దూరంగా పైకి తేలాడు. బోటు అతన్ని వదిలేసి రెండో చోటికి వెళ్లిపోయింది. పొగమంచులో గంటల తరబడి ఒంటరిగా తేలుతున్న అతన్ని చివరికి అటుగా వచ్చిన ఒక తెరచాప ఓడలోని స్కౌట్ కుర్రాడు చూశాడు కాబట్టి బతికాడు. బోటులో జాబితా లేదా అంటే, ఉంది. అందులో అతను మొదటి డైవ్ నుంచి తిరిగివచ్చినట్టు టిక్కు పడింది. నీళ్లలో కొట్టుకుపోతున్న మనిషి రెండో డైవ్ కూడా చేసినట్టు రాసి ఉంది. 2010లో జ్యూరీ అతనికి దాదాపు 17 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది.

అంటే జాబితా ఉండటం ఒక్కటే సరిపోదు. లెక్క ఎలా తప్పుతుందో దగ్గర నుంచి చూస్తే అర్థమవుతుంది. తలలు లెక్కపెడుతుండగా ఒకరు కిందికి వెళ్లి బట్టలు మార్చుకుంటారు, ఇంకొకరు సరదాగా మళ్లీ నీళ్లలోకి దూకుతారు. లెక్కపెట్టేవాళ్లు ‘ఆ ఇద్దరూ ఉన్నారులే’ అని కలిపేసుకుంటారు. పేరు పిలిస్తే, ఆ మనిషి పలక్కపోయినా పక్కనున్న స్నేహితుడు ‘ఉన్నాడు’ అంటాడు. ఇంజిన్ స్టార్ట్ చేశాక లెక్క మొదలుపెడితే అందరికీ బయల్దేరాలన్న తొందరే. ఇందులో ఎవరి దుర్మార్గమూ ఉండదు. తడి బట్టలు, ఆకలి, వికారం, ఎండ, ఇవన్నీ కలిసి మనుషుల్ని అలసత్వంలోకి నెడతాయి.

మంచి బోటులో ఏం చేస్తారంటే, పేరు పిలిచి, పలికిన మనిషి ముఖం చూసి, అప్పుడు టిక్కు పెడతారు. ఒకరి తరపున ఇంకొకరు పలికితే ఒప్పుకోరు. సిబ్బందిలో ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి తర్వాత పోల్చుకుంటారు. కొన్నిచోట్ల ప్రతి డైవర్‌కీ నంబరున్న ట్యాగ్ ఇస్తారు. దిగేటప్పుడు బోర్డు మీంచి తీసుకుని, ఎక్కాక ఎవరిది వాళ్లే తిరిగి తగిలించాలి. ఖాళీగా మిగిలిన మేకు కనబడుతుంటే ఇంజిన్ ముట్టుకోరు. ఈ పని చేయించేటప్పుడు కొందరు ప్రయాణికులు విసుక్కోవడం నేను చాలాసార్లు చూశాను. విసుగు పుట్టేంత గట్టిగా లెక్క తీసుకునే బోటు మీదే నాకు నమ్మకం.

లెక్క విషయంలో చిన్న బోటుకి సహజంగానే మొగ్గు ఉంది. ఆరుగురిలో ఒకరు లేకపోతే ఆ ఖాళీ కళ్లకే కనబడుతుంది. రెండో మేలు ఇంకా పెద్దది. చిన్న బోటు సాధారణంగా లంగరు వేయకుండా డైవర్ల బుడగల వెంట నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. మీరు ఎక్కడ తేలితే అక్కడికే వస్తుంది. పెద్ద బోటు లంగరు వేసి ఒకచోట నిలబడుతుంది. ప్రవాహం ఒక నాట్ వేగంతో ఉన్నా నిమిషానికి 30 మీటర్లు, పది నిమిషాల్లో 300 మీటర్లు కొట్టుకుపోతాం. అలల మధ్య అంత దూరంలో ఒక తల కనబడటం చాలా కష్టం. పోనీ కనబడినా, అడుగున ఇంకా డైవర్లుంటే కెప్టెన్ లంగరు తీసి మీ కోసం రాలేడు. వాళ్లంతా ఆ లంగరు తాడు పట్టుకునే పైకి రావాలి. అందుకే పెద్ద బోటు అయితే వెంట ఒక చిన్న రబ్బరు పడవ, దాన్ని నడిపే మనిషి ఉన్నారో లేదో తప్పనిసరిగా అడగండి. బోటు వెనక నీళ్లమీద పొడవైన తాడు వదిలారా అన్నది కూడా చూడండి. అలసిపోయి తేలినవాళ్లకు అదే ఆధారం.

చిన్న బోటుకున్న లోపం కూడా చెప్పాలి. చాలాచోట్ల సరంగు ఒక్కడే బోటు మీద ఉంటాడు, డైవ్‌లు నడిపించే డైవ్‌మాస్టర్ అతిథులతో పాటు నీళ్లలోకి దిగిపోతాడు. పైన ఉన్న ఆ ఒక్కడికి గుండెనొప్పి వచ్చినా, కాలు జారి పడినా, నీళ్లలో ఉన్న అందరికీ దిక్కులేదు. స్పృహ తప్పిన డైవర్‌ని అతనొక్కడే పైకి లాగలేడు. ఇంజిన్ ఒక్కటే అయితే అది మొరాయించినప్పుడు ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు పోవడమే. ప్రొపెల్లర్ ప్రమాదం కూడా తిరుగుతుండే బోటుతోనే ఎక్కువ. సరంగు గేరు న్యూట్రల్‌లో పెట్టి, చెయ్యి ఊపి పిలిచేదాకా నిచ్చెన దగ్గరికి వెళ్లకూడదు. నా ఓటు చిన్న బోటుకే, కానీ పైన ఇద్దరు ఉండే చిన్న బోటుకి. అలా ఇద్దరిని పెట్టే నిర్వాహకులు ఖరీదు కాస్త ఎక్కువ చెప్తారు. ఆ తేడా ఇవ్వడానికి నేను వెనకాడను.

తర్వాత ఆక్సిజన్. ఇక్కడ పెద్ద బోటు ముందుంటుంది. డీకంప్రెషన్ జబ్బు (లోతు నుంచి పైకి వచ్చినప్పుడు ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలుగా మారడం వల్ల వచ్చేది) అనుమానం రాగానే ఇవ్వాల్సిన ప్రథమ చికిత్స స్వచ్ఛమైన ఆక్సిజన్. ‘మా బోటులో ఆక్సిజన్ ఉంది’ అని అందరూ అంటారు. ఎన్ని నిమిషాలకు సరిపోతుందని అడగాలి. మామూలు మాస్కుతో నిమిషానికి 15 లీటర్లు పెడితే 400 లీటర్ల సిలిండర్ అరగంట కూడా రాదు. తీరం గంట ప్రయాణమైతే మిగతా సగం దారి రోగి వట్టి గాలి పీల్చాలి. పైగా బడ్డీలు, అంటే జంటగా దిగినవాళ్లు, ఇద్దరూ ఒకే లోతుకు, ఒకే సమయం వెళ్లి ఉంటారు కాబట్టి ఇద్దరికీ లక్షణాలు కనబడవచ్చు. చిన్న బోట్లలో తరచు ఉండేది ఆ ఒక్క చిన్న సిలిండరే. ఒక్కోసారి అది కూడా ఎక్కడో సీటు కింద, లైఫ్ జాకెట్ల అడుగున. బయల్దేరే ముందు తీసి చూపించమంటే తప్పేమీ లేదు. మంచివాళ్లు సంతోషంగా చూపిస్తారు.

సర్వీస్ గురించి వచ్చే ఫిర్యాదులు చాలావరకు పెద్ద బోట్ల మీదే. తొందర తొందర బ్రీఫింగ్, అనుభవజ్ఞులను కొత్తవాళ్లను ఒకే గుంపులో కలపడం, మొదట గాలి అయిపోయినవాళ్లతో పాటు అందరినీ పైకి రమ్మనడం, 200 బార్ పీడనం ఉండాల్సిన సిలిండర్ 170కే నింపి ఇవ్వడం. ఒకసారి ఒక బోటులో నాకు అద్దెకు ఇచ్చిన రెగ్యులేటర్‌తో (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) ఊపిరి పీల్చిన ప్రతిసారీ ప్రెషర్ గేజ్ ముల్లు ఊగిపోతోంది. సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరవలేదన్నమాట. సరిచేయమంటే ‘టెన్షన్ పడకండి, నీళ్లలోకి వెళ్లాక సర్దుకుంటుంది’ అన్నాడు అక్కడి కుర్రాడు. లోతులో అది సర్దుకోదు. లోతు పెరిగేకొద్దీ ఒక్కో ఊపిరికి ఎక్కువ గాలి కావాలి, సగం తెరిచిన వాల్వ్ అంత ఇవ్వలేదు. నేనే తెరుచుకుని దిగాను. తర్వాత మళ్లీ ఆ బోటు ఎక్కలేదు. ఇలాంటివాటిని వట్టి సర్వీస్ లోపాలుగా తీసుకుని క్షమించేయడం నాకు నచ్చదు. పరికరం విషయంలో ‘పర్వాలేదు’ అనే మనిషే తలల లెక్క దగ్గర కూడా ‘పర్వాలేదు’ అంటాడు.

ఇక లివ్‌అబోర్డ్. దూరపు రీఫ్‌లకు పోవాలంటే వేరే దారి లేదు, అక్కడి డైవింగ్ నిజంగానే గొప్పగా ఉంటుంది. కానీ ఇక్కడ అసలు ప్రమాదం మనం నిద్రలో ఉన్నప్పుడు. 2019 సెప్టెంబర్ 2 తెల్లవారుజామున కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్ దీవి దగ్గర లంగరు వేసి ఉన్న కన్సెప్షన్ అనే బోటు తగలబడింది. కింది గదిలో పడుకున్న 34 మంది చనిపోయారు. వాళ్లలో 33 మంది ప్రయాణికులు, ఒకరు సిబ్బంది. ఆ గదికి బయటి దారులు రెండున్నాయి, కానీ రెండూ తేలేది మంటలున్న పై హాలులోకే. రాత్రంతా తిరుగుతూ కాపలా కాయాల్సిన మనిషిని పెట్టలేదని దర్యాప్తులో తేలింది. కెప్టెన్‌కు 2024లో నాలుగేళ్ల జైలు శిక్ష పడింది. 2023 జూన్‌లో ఎర్రసముద్రంలో హరికేన్ అనే బోటులో మంటలు రేగి ముగ్గురు బ్రిటిష్ డైవర్లు పోయారు. 2024 నవంబర్ 25 తెల్లవారుజామున అదే సముద్రంలో సీ స్టోరీ అనే బోటు మునిగి 11 మంది చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. ఆ రోజుల్లో సముద్రంలోకి వెళ్లొద్దని వాతావరణ హెచ్చరిక ఉంది.

కాబట్టి లివ్‌అబోర్డ్ ఎక్కిన మొదటి సాయంత్రమే మూడు పనులు చేయండి. మీ గది నుంచి రెండో దారి ఎక్కడికి తేలుతుందో స్వయంగా పాకి చూడండి, దీపం లేకుండా ఒకసారి. ఆ దారికి పరుపులు, పెట్టెలు అడ్డంగా ఉంటే తీయించండి. రాత్రి మెలకువగా ఉండేది ఎవరో పేరు అడగండి. కెమెరాలు, టార్చిలైట్ల లిథియం బ్యాటరీలు పడుకునే గదిలో గానీ, ఎవరూ లేనిచోట రాత్రంతా గానీ చార్జింగ్ పెట్టనివ్వకండి. ఈ మూడింటికీ సరిగ్గా జవాబిచ్చే సిబ్బంది ఉంటే వెళ్లండి. అంత తీరిక లేదంటే, కింది అంతస్తు గది చౌకగా వస్తుందని మాత్రం తీసుకోకండి.

ఒడ్డు నుంచే నడిచి దిగే డైవింగ్ కూడా ఉంది. బోటు గొడవ లేదు, ఖర్చు తక్కువ. అలలు విరిగేచోట బరువుతో నడవగలిగితే మంచిదే. చూడగలిగే చోట్లు తక్కువ.

ఏ బోటైనా బుక్ చేసేముందు ఒక ఫోన్ చేసి, గాలి ఎక్కువైతే ట్రిప్ రద్దు చేస్తారా, డబ్బు తిరిగి ఇస్తారా అని అడగండి. రద్దు చేస్తే నిర్వాహకుడికి నష్టం, కాబట్టి నిర్ణయం ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవాలి. ‘కెప్టెన్ వద్దంటే వద్దే, డబ్బు వాపసు’ అనే సమాధానం మీకు కావాలి. ‘ఇంతవరకూ ఎప్పుడూ రద్దు చేయలేదండీ’ అని గొప్పగా చెప్తే వేరే బోటు చూసుకోండి. ఇక మీ వైపు నుంచి ఒక మార్కర్ బోయ్ (గాలి నింపితే నీళ్లపైన నిలబడి కనబడే గొట్టం), విజిల్, చిన్న అద్దం ఎప్పుడూ జేబులో ఉంచుకోండి. ఆ బోయ్‌ని పైకి తేలేముందు 5 మీటర్ల దగ్గర కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్‌లోనే గాలి నింపి పైకి వదలడం ముందే సాధన చేసి ఉండండి. అలలున్నప్పుడు బోటు మీదున్న మనిషికి మీ తల కన్నా ముందు కనబడేది అదే.