పాత కారులో కొత్త స్టీరియో: అసలు తేడా తెచ్చినది తలుపు రేకు

ఇరవై ఏళ్లు దాటిన నా కారులోని సీడీ ప్లేయర్ డిస్కులను మింగడమే తప్ప తిరిగి ఇవ్వడం మానేసిన తరువాత, ఒక మధ్య తరగతి హెడ్ యూనిట్ (డ్యాష్‌బోర్డులో అమరే స్టీరియో), ముందు తలుపులకు 6.5 అంగుళాల కాంపొనెంట్ స్పీకర్ల జత (సన్నని ధ్వనులకు విడిగా చిన్న స్పీకర్లు ఉండే రకం), తలుపు రేకు అదరకుండా అతికించే బ్యూటైల్ రబ్బరు షీట్లు కొని అమర్చుకున్నాను. ఆరు నెలలుగా రోజూ వింటున్నాను కనుక, ఈ మూడింటిలో ఏది ఎంతవరకు పనికివచ్చిందో ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

నా డ్యాష్‌బోర్డులో ఉన్న ఖాళీ సింగిల్ డిన్ అనే ప్రామాణిక కొలతది, అంటే 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు. ఇంత చిన్న ఖాళీలో అమర్చినా ముందుకు పొడుచుకు వచ్చి నిలిచే పెద్ద టచ్‌స్క్రీన్ యూనిట్లు ఉన్నాయి కానీ, అవి నా కారులో ఏసీ గాలి వచ్చే దారికి అడ్డుపడతాయి. పైగా నేను విన్న వాటిలో కొన్ని పైన పటారం, లోన లొటారం అనిపించాయి. అందుకే బ్లూటూత్, యూఎస్‌బీ మాత్రమే ఉన్న సాదా యూనిట్‌ను ఎంచుకున్నాను.

దాని పెట్టె మీద 50 వాట్లు చొప్పున నాలుగు చానెళ్లు అని పెద్ద అక్షరాలతో ఉంది. ఈ అంకెను పట్టించుకోనవసరం లేదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు విద్యుత్తు సుమారు 14.4 వోల్టులు; అంత వోల్టేజీతో హెడ్ యూనిట్ లోపలి ఆంప్లిఫయర్ 4 ఓమ్‌ల స్పీకర్‌కు శబ్దం చెదరకుండా ఇవ్వగలిగినది లెక్క ప్రకారం 26 వాట్లకు మించదు, నష్టాలు పోను 20 వాట్ల దగ్గర ఆగుతుంది. ఇది ఈ ఒక్క యూనిట్ లోపం కాదు, ఈ తరహా యూనిట్ల పెట్టెల మీద తరచుగా కనిపించే అతిశయమే. చూడవలసింది ఆర్‌ఎంఎస్ అంకె, అంటే యూనిట్ నిలకడగా ఇవ్వగల వాట్లు. యూనిట్‌లో నాకు నిజంగా నచ్చినది హై‌పాస్ ఫిల్టర్: దానిని 80 హెర్ట్జ్ దగ్గర పెట్టగానే తలుపు స్పీకర్లు మోయలేని లోతు ధ్వనులు తొలగి, వాల్యూమ్ పెంచినా గొంతు పగలడం ఆగిపోయింది. నచ్చనిది రాత్రిపూట కళ్లలో గుచ్చే నీలి వెలుగు. హెడ్‌లైట్ల స్విచ్‌తో పాటు వెలుగు తగ్గించే వైరు దీనికి ఇవ్వలేదు.

పాత స్పీకర్లను విప్పినప్పుడు కోన్ (కదులుతూ ధ్వని పుట్టించే గరాటు ఆకారపు భాగం) చుట్టూ ఉన్న నురుగు అంచు వేలు తగలగానే పొడిగా రాలింది. కొత్తవి ఎంచుకునేటప్పుడు గరిష్ఠ వాట్లను కాక సెన్సిటివిటీని, అంటే ఇచ్చిన వాట్లకు స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో తెలిపే అంకెను చూశాను, ఎందుకంటే అది 3 డెసిబెల్స్ ఎక్కువ ఉన్న స్పీకర్ సగం వాట్లతోనే అంతే గట్టిగా మోగుతుంది, 20 వాట్ల యూనిట్ చేతిలో ఉన్నవారికి ఇదే అసలు లెక్క. సన్నని ధ్వనులు పలికే చిన్న స్పీకర్లు, అంటే ట్వీటర్లు, అద్దం పక్కన ఉన్న మూలలో బాగా కుదిరాయి. కొనేముందు కిటికీ అద్దాన్ని పూర్తిగా కిందికి దించి తలుపు లోపలి లోతు కొలుచుకోవాలి. నేను కొలవకపోవడం వల్ల అయస్కాంతం అద్దానికి తగిలి, మధ్యలో ప్లాస్టిక్ రింగు వేయవలసి వచ్చింది. చెక్కపొడి రింగులు చౌకే కానీ తలుపు లోపలికి వాన నీరు దిగుతుంది కనుక ఉబ్బిపోతాయి.

ఇంత చేసినా మొదటి వారం బేస్ పలచగానే ఉంది. ఒక కారణం నా పొరపాటే, ఎడమ స్పీకర్ ప్లస్, మైనస్ తీగలు తారుమారయ్యాయి. ఒక స్పీకర్ గాలిని ముందుకు తోస్తుంటే రెండవది వెనక్కి లాగుతోంది. రెండవ కారణం తలుపు. లోపలి రేకుకు ఉన్న పెద్ద రంధ్రాల గుండా కోన్ వెనుక ధ్వని ముందు ధ్వనితో కలిసి దానిని చంపేస్తుంది, పలచని బయటి రేకు తానే ఒక డప్పులా మోగుతుంది. బయటి రేకు మీద పావు వంతు మేర షీట్లు అతికించి, రోలరుతో గట్టిగా నొక్కి, లోపలి రంధ్రాలను మూసిన తరువాత వినిపించిన మార్పు కొత్త స్పీకర్లు తెచ్చిన మార్పు కంటే పెద్దది. మరొకసారి చేయవలసి వస్తే ఈ పనితోనే మొదలుపెడతాను. తలుపు అడుగున నీరు కారే రంధ్రాలను మాత్రం మూయకూడదు, రేకు తుప్పు పడుతుంది. తారుతో చేసిన చౌక షీట్లు ఎండకు కరిగి వాసన కొడతాయి. ఇక్కడ పొదుపు పనికిరాదు.

వైరింగ్‌లో కారు తీగలను స్టీరియో తీగలకు కలిపే అడాప్టరు వాడితే సగం తలనొప్పి తప్పుతుంది. పసుపు తీగకు ఎల్లప్పుడూ 12 వోల్టులు, ఎరుపుకు తాళం తిప్పినప్పుడు మాత్రమే అందాలి. మార్చి కలిపితే బండి ఆపిన ప్రతిసారీ స్టేషన్లన్నీ చెరిగిపోతాయి. నాకు ఎఫ్ఎం మాత్రం రెండు వారాలు గరగరలాడింది. చివరకు చూస్తే, పైకప్పు యాంటెన్నాలోని చిన్న ఆంప్లిఫయర్‌కు విద్యుత్తు ఇవ్వవలసిన నీలి తీగ ఎక్కడా కలపకుండా స్టీరియో వెనుక వేలాడుతోంది. దానిని కలపగానే స్టేషన్లు తిరిగి వచ్చాయి.