రోజుకో ఫొటో సరే, ప్రింట్ల దగ్గరే వచ్చింది చిక్కు

జనవరి ఒకటి నుంచి హైదరాబాద్‌లోని మా మౌలాలిలో రోజుకో ఫొటో తీస్తున్నా. గుట్ట, రైల్వే స్టేషన్, హౌసింగ్ బోర్డు కాలనీలో ఇస్త్రీ బండి, మొన్న కూల్చేసిన పెంకుటిల్లు, ఏది కనబడితే అది. వంద దాటాక ప్రింట్లు వేయిద్దామని ఇంటి దగ్గరి ఫొటో ల్యాబ్‌కి వెళ్లా (పేరు ఎందుకులెండి).

రంగులు మాత్రం భలే వచ్చాయి, మ్యాట్ పేపర్ మీద ఇస్త్రీ పెట్టెలో బొగ్గుల ఎరుపు కూడా తెలుస్తోంది. కానీ నా ఫోన్ ఫొటోల వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3, 4×6 అంగుళాల ప్రింటుదేమో 3:2, ఒక్క మాట అడగకుండా పైనా కిందా కోసేశారు, గుట్ట మీద దర్గా సగం ఎగిరిపోయింది! అదేంటని అడిగితే "అందరికీ ఇలాగే వేస్తాం సార్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. పక్కల తెల్ల అంచు వదిలి మళ్లీ వేశారు గానీ అలా కోసేసిన 12 ఫొటోలకూ మళ్లీ డబ్బులు తీసుకున్నారు, అదే నచ్చలేదు.

మీరు వెళ్తే వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, క్వాలిటీ పడిపోతుంది, పెన్‌డ్రైవ్‌లో ఒరిజినల్సే ఇవ్వండి, క్రాప్ వద్దని ముందే చెప్పండి. మిగతావి నేనూ అక్కడే వేయిస్తా, కాకపోతే ఈసారి స్క్రీన్ ముందు నిలబడి మరీ.