మేడ మీద చుక్కలు చూడడానికి 10×50 బైనాక్యులర్

ఏలూరు రోడ్డులోని ఒక దుకాణంలో ఆరు వేల చిల్లర పెట్టి కొన్నాను. పదింతలు దగ్గరగా చూపుతుంది, ముందు కటకాలు 50 మిల్లీమీటర్లు. వెలుగు మారే నక్షత్రాలను చూడాలనుకునే వాళ్లకు నేను మొదట చెప్పే వస్తువు ఇదే.

గుంటూరు బ్రాడీపేటలో వీధి దీపాల వల్ల శ్రవణా నక్షత్రం మూడు చుక్కలు తప్ప ఆ వైపు పెద్దగా ఏమీ ఆనవు. బైనాక్యులర్ పెట్టగానే వాటికి దక్షిణంగా ఈటా అక్విలే అనే వెలుగు మారే నక్షత్రం తేలుతుంది. 7 రోజుల 4 గంటలకోసారి దాని వెలుగు సుమారు 3.5 మాగ్నిట్యూడ్ నుంచి 4.3కు తగ్గి మళ్లీ పెరుగుతుంది (మాగ్నిట్యూడ్ అంటే చుక్క వెలుగు కొలత, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు). పెరగడం చకచకా, తగ్గడం నిదానం. ఆ మూడు చుక్కల్లో ఒకటైన బీటా అక్విలేతో పోల్చి చూస్తాను. ఫోకస్ చక్రాన్ని కొద్దిగా తిప్పి రెండింటినీ చిన్న బిళ్లల్లా మసకబరిస్తే ఏది ఎక్కువో ఇట్టే తెలుస్తుంది. ఇక్కడే ఈ బైనాక్యులర్ లోపం బయటపడుతుంది. రెండూ ఒకే చూపులో పడతాయి కానీ, అంచుకు చేరిన చుక్కకు తోక వస్తుంది. ఒక్కోదాన్ని మధ్యకు తెచ్చుకోక తప్పదు.

నేను మిర్చి యార్డులో గుమస్తాను. బస్తా విప్పగానే రంగు చూసి ఈ ఏటి కాయో, కోల్డ్ స్టోరేజీ సరుకో చెప్పేస్తాం. ఖగోళ శాస్త్రవేత్తలు వెలుగు మారే నక్షత్రాలతో ఒక గెలాక్సీ వయసు లెక్కలు అలాగే తీస్తారు. ఈటా అక్విలే లాంటి నక్షత్రాలను సెఫీడ్‌లు అంటారు, అవి పుట్టి కొన్ని కోట్ల ఏళ్లే. ఆవర్తన కాలం, అంటే వెలుగు ఒకసారి తగ్గి పెరగడానికి పట్టే సమయం, పెరిగేకొద్దీ బరువు ఎక్కువ, వయసు తక్కువ. ఒక రోజులోపే వెలుగు మారే ఆర్‌ఆర్ లైరే రకం కనిపించిందంటే, అక్కడ వెయ్యి కోట్ల ఏళ్ల కిందటే నక్షత్రాలు పుట్టాయన్నమాట.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ముసలి ఎర్ర నక్షత్రాలు. ఉబ్బిపోయి, వందల రోజులకోసారి వెలుగు మారుస్తాయి. ఆ దశలో కంటికి కనిపించని పరారుణ కాంతిలో ఎంత వెలుగుతున్నాయో కొలిస్తే పుట్టినప్పటి బరువు, దాన్నిబట్టి వయసు తెలుస్తాయి. ఏ వయసువి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ దశ ఎంతకాలం ఉంటుందో సరిచూస్తే ఏ యుగంలో ఎన్ని నక్షత్రాలు పుట్టాయో తేలుతుంది. హవాయిలోని యూకేఐఆర్‌టీ అనే పరారుణ టెలిస్కోపుతో ఎం33 గెలాక్సీని ఇలాగే చదివారు. అమావాస్య రాత్రి సూర్యలంక తీరంలో ఆ ఎం33 మసక మరకను ఈ బైనాక్యులర్‌లోనే చూశాను. దానికి ఎంత ఖరీదు కట్టను!

బరువు కిలో దాకా ఉంటుంది, చేతులు వణుకుతాయి. పడక కుర్చీలో వాలి మోచేతులు ఆనించండి. స్టాండుకు బిగించే ముక్క విడిగా కొనాలి. దుకాణంలో ఆ సంగతి చెప్పరు, అడగండి. వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు వేసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టకపోతే కటకాలకు బూజు పడుతుంది.